గోవిందా, శఠగోపం, నిలువుదోపిడి: తిరుపతి మాటల్లో వ్యంగ్యం ఎలా పనిచేస్తుంది?

తిరుపతి బస్టాండు దగ్గర ఒక టీ కొట్టు. తెలిసినవాళ్లు ఇద్దరు ఎదురుపడతారు.

"ఏం నా, చీటీ డబ్బులు చేతికొచ్చినాయా?"

"యాడొచ్చేది, గోవిందా!"

అదే సమయానికి కొండకు పోయే బస్సు కదులుతుంది. లోపలి నుంచి నలభై గొంతులు ఒక్కసారిగా అదే మాట అంటాయి. బస్సులో అది మొక్కు, టీ కొట్టులో అది దివాలా. రెండూ విన్న మూడో మనిషి ఎక్కడా తడబడడు. ఏ గోవిందా దేవుడికి చేరింది, ఏ గోవిందా చీటీ డబ్బులకు చేరింది అని అతనికి ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఇదే మాట ఫోన్ తెర మీదికి వస్తే అంత తేలిక కాదు. సెటైర్ అనుకుని ఒకరు పెట్టిన పోస్టు మరొకరికి అవమానంగానూ, ఇంకొకరికి నిజం వార్తగానూ కనిపిస్తోంది. వార్తల్లో కూడా "సెటైర్ వేశారు", "వ్యంగ్యాస్త్రాలు సంధించారు", "ఎద్దేవా చేశారు" అన్న మూడు మాటలు ఒకే ప్రెస్‌మీట్ గురించి మూడు చోట్ల కనిపిస్తాయి. అవన్నీ ఒకటేనా? వెటకారానికీ వ్యంగ్యానికీ తేడా ఏమిటి? తిట్టుకూ చమత్కారానికీ మధ్య గీత ఎక్కడుంది?

క్లుప్తంగా

తెలుగులో వెక్కిరింతకున్న మాటలు ఒకదానికొకటి పర్యాయపదాలు కావు. అన్నది ఏమిటి అన్నదానితో పాటు ఎవరు, ఎవర్ని, ఎవరి ముందు అన్నారన్నదాన్ని బట్టి మాట మారుతుంది. తిరుపతి ప్రాంతంలో గుడి మాటలే ఎగతాళి మాటలుగా మారడం దీనికి మంచి ఉదాహరణ. వినేవారికి ఆ నేపథ్యం తెలియనప్పుడు వ్యంగ్యం విరిగి, మిగిలింది నిందగానో అబద్ధంగానో తేలుతోంది.

ఒక్క 'సెటైర్' కింద ఎన్ని మాటలు

వెక్కిరింపు శరీరంతో చేసేది. నడక అనుకరించడం, మూతి వంకర తిప్పడం, యాసను పలికి చూపించడం దీని కిందికి వస్తాయి. చిన్నపిల్లలు కూడా చేయగలరు. దీనికి తెలివి కంటే గమనింపు కావాలి. గేలికి గుంపు కావాలి. ఒక్కడే గేలి చేశాడంటే ఆ మాట పూర్తిగా అతకదు. ఎగతాళిలో నవ్వు బయటికే ఉంటుంది, ఎదుటి మనిషికి తాను దొరికిపోయానని తెలుస్తూనే ఉంటుంది.

దెప్పిపొడుపు ఇంటి సరుకు. పాత తప్పునో, చేసిన సాయాన్నో ఎత్తి చూపడం. "నీ చదువుకు నగలు కుదవబెట్టింది గుర్తుందా" అని భోజనాల దగ్గర అనడం దెప్పడం. అందులో నవ్వు ఉండదు. ఎత్తిపొడుపులో మాట కొంచెం చుట్టుతిరిగి వస్తుంది: "అబ్బో, పెద్ద చదువులు చదివినోళ్లకు మా మాట ఎందుకు ఎక్కుతాది లే." ఇక్కడ నేరుగా ఏమీ అనలేదు, అయినా తగలాల్సిన చోట తగిలింది.

వెటకారం అనేది ధోరణి. మాట మామూలుదే అయినా పలికిన తీరులో పుల్లవిరుపు ఉంటుంది. అందుకే రాసినప్పుడు వెటకారం అన్నింటికంటే ముందు చచ్చిపోతుంది. చెణుకు చిన్నది, విసిరి పోయేది. చురక అంటుకుంటుంది కానీ కాల్చదు. పత్రికలు "చురకలంటించారు" అని రాసినప్పుడు అన్నవాడికి కొంత పెద్దరికం కూడా ఇస్తున్నట్టే. చమత్కారానికి బలి అక్కర్లేదు, మాటల పొందిక చాలు.

ఎద్దేవా సంగతి వేరు. ఇది దాదాపుగా పత్రికల్లోనే బతుకుతున్న మాట. ఇంట్లో ఎవరూ "నన్ను ఎద్దేవా చేయకు" అనరు. నాయకుడు ప్రత్యర్థిని ఏదో అన్నాడు, అది తిట్టు అని రాస్తే ఇబ్బంది, విమర్శ అని రాస్తే చప్పగా ఉంటుంది. ఆ ఖాళీలో ఎద్దేవా కూర్చుంది.

సాహిత్య విమర్శకులు సెటైర్‌కు వాడే మాట అధిక్షేపం. శతకాల్లో అధిక్షేప శతకాలు అని ఒక వర్గమే ఉంది. అయితే అన్ని అధిక్షేపాలూ వ్యంగ్యంగా ఉండవు. తిరుపతికి నలభై కిలోమీటర్లలోపు ఉన్న శ్రీకాళహస్తి దేవుడి మీద ధూర్జటి చెప్పిన శతకంలో రాజుల మీద విరుచుకుపడే పద్యాలు ఉన్నాయి. వాటిలో తెర లేదు, ముసుగు లేదు. రాజులు ఇలాంటివాళ్లు, వాళ్ల కొలువు ఇలాంటిది అని మొహం మీదే చెబుతాడు. అది ఖండన. దాన్ని వ్యంగ్యం అంటే ఆ కవి ధైర్యాన్ని తగ్గించినట్టే అవుతుంది.

సరిహద్దు మండలాల్లో ఈ పట్టికకు మరికొన్ని చేరతాయి. నగరి, పుత్తూరు వైపు తమిళం కూడా మాట్లాడే ఇళ్లలో నక్కల్, కిండల్ అనే తమిళ మాటలు చెవిన పడతాయి. గేలి మాత్రం తెలుగుకూ కన్నడానికీ ఉమ్మడి, తమిళంలో కేలి అవుతుంది. నవ్వు ఏ భాషదైనా ఎగతాళి పాలైనవాడికి ఒకేలా ఉంటుంది కాబోలు.

వ్యంగ్యం అంటే మొదట వెక్కిరింత కాదు

గందరగోళంలో సగం ఈ మాట చరిత్ర నుంచి వచ్చింది. సంస్కృత అలంకారశాస్త్రంలో వ్యంగ్యం అంటే సూచనగా తెలిసే అర్థం, అంతే. మాటకు మూడు రకాల అర్థాలు చెబుతారు: నేరుగా వచ్చేది వాచ్యం, నేరుగా కుదరనప్పుడు పక్కకు జరిగి తెచ్చుకునేది లక్ష్యం, ఈ రెండూ అయ్యాక మనసుకు స్ఫురించేది వ్యంగ్యం. 9వ శతాబ్దపు కాశ్మీర పండితుడు ఆనందవర్ధనుడు ధ్వని సిద్ధాంతమంతా ఈ మూడోదాని మీదే నిలబెట్టాడు.

శాస్త్రంలో తరచూ చెప్పే ఉదాహరణ "సూర్యుడు అస్తమించాడు" అన్న వాక్యం. పశువుల కాపరికి మందను ఇంటికి తోలమని, అంగడివాడికి సరుకు సర్దమని, ప్రియుడి కోసం చూసేదానికి వేళైందని తెలుస్తుంది. వాక్యం ఒకటే, అర్థం వినేవాడి దగ్గర పుడుతుంది. ఇందులో వెక్కిరింత లేదు. భక్తి, ప్రేమ, దుఃఖం ఏదైనా వ్యంగ్యంగా ఉండొచ్చు.

ఆధునిక తెలుగులో ఆ విశాలమైన మాట కుదించుకుపోయి, "పైకి ఒకటి, లోపల దెబ్బ" అనే ఒక్క అర్థానికి వచ్చింది. వ్యంగ్యచిత్రం అంటే కార్టూన్ అని స్థిరపడ్డాక పాత అర్థం తరగతి గదికే మిగిలింది. ప్రహసనానికీ ఇదే గతి. అది నాట్యశాస్త్రం చెప్పిన పది రూపకాల్లో ఒకటి, హాస్యనాటకం. ఇప్పుడు "విచారణ ప్రహసనంగా మారింది" అని పత్రిక రాస్తే ఎవరూ నాటకం గురించి ఆలోచించరు.

అర్థం కుదించుకుపోయినా పనితీరు మాత్రం పాతదే. వ్యంగ్యం వినేవాడి దగ్గరే పూర్తవుతుంది. వినేవాడికి సందర్భం తెలియకపోతే మాట వాచ్యం దగ్గరే ఆగిపోతుంది.

కొండ మీది మాటలు కిందికి దిగితే

తెలుగువాళ్లు మోసపోవడం గురించి చెప్పుకునే మాటల్లో చాలావాటికి విలాసం తిరుమలే.

గుండు కొట్టించుకోవడం కల్యాణకట్టలో మొక్కు. బయట గుండు కొట్టారంటే డబ్బు దోచారని. నిలువుదోపిడి అంటే ఒంటి మీద ఉన్న నగలన్నీ ఉన్నవి ఉన్నట్టు హుండీలో సమర్పిస్తామని మొక్కుకోవడం. బయట ప్రైవేటు ఫీజుల మీద వార్త వస్తే శీర్షిక అదే: నిలువు దోపిడీ. శఠగోపం (శఠారి అనీ అంటారు) స్వామి పాదాలున్న కిరీటం లాంటిది. అర్చకుడు దాన్ని వంచిన తల మీద ఒక్క క్షణం ఉంచి తీస్తాడు. ఆ పేరు శఠకోపుడు అనే వైష్ణవ భక్తకవి నమ్మాళ్వారుది. బయట శఠగోపం పెట్టాడంటే నమ్మించి ముంచాడని. నామం పెట్టడం, పంగనామం పెట్టడం, ఎగనామం పెట్టడం మూడూ అప్పు ఎగ్గొట్టడానికే.

ఇలా ఎందుకు జరిగింది? రెండు కారణాలు కనిపిస్తాయి. మొదటిది పనుల్లో పోలిక. గుండు, నిలువుదోపిడి, హుండీ అన్నింటిలోనూ మనిషి ఏదో ఇచ్చి ఖాళీగా వెనక్కి వస్తాడు. భక్తుడు ఇష్టపడి ఇస్తాడు, మోసపోయినవాడు తెలియక ఇస్తాడు. బయటి నుంచి చూస్తే ఇద్దరి జేబూ ఒకటే. శఠగోపానికైతే తల వంచడం దగ్గర పోలిక కుదిరింది. తల వంచినవాడి మీద ఏదో పెట్టడం, టోపీ పెట్టడం ఒకే కుదురులోవి. పైగా శఠుడు అంటే సంస్కృతంలో మోసగాడు కూడాను.

రెండో కారణం పరిచయం. అందరికీ తెలిసిన పనిని వాడుకుంటేనే ఎగతాళి నిలుస్తుంది. ఊరూరా ఎవరో ఒకరు కొండకు వెళ్లి వచ్చినవాళ్లే. గుండుతో తిరిగొచ్చిన మనిషిని చూడని తెలుగువాడు ఉండడు. ఉమ్మడి అనుభవం అంత గట్టిగా ఉన్నచోట ఒక్క మాట చాలు, మిగతాది వినేవాడే నింపుకుంటాడు.

ఇవి దేవుడి మీద ఎగతాళి కావన్నది గమనించాలి. దెబ్బ పడేది మోసగాడి మీద, లేదా మోసపోయిన తన మీదే. "గోవిందా" అన్న టీ కొట్టు మనిషి సాయంత్రం నడిచి కొండెక్కుతాడేమో కూడా. స్వామి మీద చనువు మాటలు వేరే ఉన్నాయి. పెళ్లికి కుబేరుడి దగ్గర అప్పు చేసి ఇప్పటికీ వడ్డీ కడుతున్నాడని చెప్పే కథ నుంచి వడ్డికాసులవాడు అన్న పేరు పుట్టింది. కింద ఊళ్లో గోవిందరాజస్వామి శయనించి ఉంటాడు, తల కింద కుంచం ఉంటుంది. తమ్ముడి డబ్బు కొలిచి కొలిచి అలసి పడుకున్న అన్న అని స్థానికులు చెప్పుకుంటారు. అప్పుల తమ్ముడు, లెక్కల అన్న. ఇంతకంటే ఇంటి వరసలో దేవుణ్ణి పెట్టుకోవడం కష్టం.

'తిరుపతి క్షవరం' కథ కొంచెం వేరు. వెనకటికి గిరాకీ చేజారకుండా క్షురకులు ఒకరి తల మీద రెండు గీతలు గీసి, ఇంకొకరి దగ్గరికి పోయి అక్కడా రెండు గీతలు గీసి, అందర్నీ కూర్చోబెట్టేవారని చెబుతారు. అందుకే అన్నీ మొదలుపెట్టి ఏదీ ముగించకపోవడానికి ఆ పేరు. ఇప్పుడు కల్యాణకట్టలో తలనీలాలు తీయడం ఉచితం, దేవస్థానమే చూసుకుంటుంది, సగం గుండుతో ఎవరూ కూర్చోరు. కారణం పోయింది, జాతీయం మిగిలింది. ఒక వృత్తివాళ్లను పట్టుకుని వేలాడే మాటల్లో ఇదొకటి కూడా. ఇలాంటివి తెలుగు సామెతల్లో లెక్కలేనన్ని. వాటిని నవ్వుతూ వాడేవాళ్లకు అవి సామెతలు, పడేవాళ్లకు కావు.

ఇలాంటి మాటలు ఎక్కువగా వాడితే ఏమవుతుందో పత్రికల భాష చూపిస్తుంది. ఉద్వాసన అంటే పూజ అయ్యాక ఆవాహన చేసిన దేవుణ్ణి సాగనంపడం. ఒక పదవీచ్యుతుణ్ణి మొదటిసారి అలా అన్నవాడు తెలివైనవాడే. ఈరోజు "ఇద్దరు మంత్రులకు ఉద్వాసన" అన్న శీర్షిక చూసి ఎవరూ నవ్వరు. అలాగే పథకానికి మంగళం పాడటం, కోర్టు అక్షింతలు వేయడం, పార్టీ తీర్థం పుచ్చుకోవడం. ఒకప్పుడు చెణుకులు, ఇప్పుడు రిపోర్టరు చేతికి ముందుగా అందే తయారు మాటలు. పదును అరిగిపోయిన వ్యంగ్యం ఇలాగే వార్త అవుతుంది.

గౌరవం ఎక్కువైతే అనుమానం

తెలుగులో మాట తిరగబడటానికి వ్యాకరణం కూడా సాయం చేస్తుంది. మర్యాద మోతాదు మించితే చాలు. రోజూ 'రా' అని పిలిచే కొడుకును తల్లి ఒకరోజు "వచ్చినారా దొరగారు? నిద్ర సరిపోయిందా?" అంటే ఆ 'గారు' లోనే మందలింపు ఉంది. మహానుభావుడు, ఘనుడు, మొనగాడు వంటి మాటలు పొగడ్తగా వాడేది తక్కువ. "అబ్బో", "ఆహా", "మరే", "పాపం" వంటి చిన్న మాటలు ముందు చేరినా, "శానా బాగుండాది లే" అన్నట్టు చివర 'లే' చేరినా అర్థం బోర్లా పడుతుంది.

శాస్త్రంలో దీనికి వ్యాజస్తుతి అని పేరు. పొగడ్త సాకుతో నింద, లేదా నింద సాకుతో పొగడ్త. తెలుగునాట అలంకారాలు చదువుకున్నవారికి బాగా తెలిసిన అప్పయ్యదీక్షితుల కువలయానందంలో ఇది ఉంది. ఆ గ్రంథం చివర వేంకటపతి ఆజ్ఞ మీద రాసినట్టు ఆయన చెప్పుకున్నాడు. ఆ వేంకటపతి విజయనగర చివరి దశ రాజు వేంకటపతిరాయలు అని సాధారణంగా చెబుతారు. ఆ రాజుల రాజధాని తర్వాత చంద్రగిరికి మారింది. అంటే వెక్కిరించే పొగడ్తకు నిర్వచనం చెప్పిన పుస్తకానికీ తిరుపతి పొరుగుకూ సంబంధం దూరపుది కాదు.

రెండో రకం, నిందతో పొగడటం, భక్తి కవిత్వంలో నిందాస్తుతిగా విస్తరించింది. 17వ శతాబ్దంలో గోల్కొండ చెరలో ఉన్న రామదాసు తాను చేయించిన నగల లెక్క ఒక్కొక్కటే చదివి రాముణ్ణి నిలదీశాడు. కాసుల పురుషోత్తమ కవి ఆంధ్రనాయక శతకం పొడుగునా అదే దారి పట్టాడు. బయటివాళ్లకు తిట్టులా వినిపించేది, దేవుడికి దగ్గరితనంగా చేరుతుందని ఆ కవుల నమ్మకం. వినేవాడు దేవుడైనా సరే, సందర్భం తెలిసినవాడై ఉండాలి.

ఎవరు ఎవర్ని అనొచ్చు

పరాచికాలు, ఎకసెక్కాలు, మేలమాడటం అనే మాటలు మనుషుల వరసలతో ముడిపడ్డవి. బావామరదళ్లు, వదినామరదళ్లు, బావాబావమరుదుల మధ్య ఎంతైనా అనుకోవచ్చు. అనుకోకపోతేనే ఏదో తేడా ఉందని పెద్దవాళ్లు అనుమానిస్తారు. అదే మాట అల్లుడు మామను అంటే పంచాయతీ అవుతుంది. పెళ్లిళ్లలో వియ్యపురాలి మీద పాడే పాటలకు కూడా ఇదే లైసెన్సు: పందిరి ఉన్నంతసేపే.

ఈ 'అంతసేపే' అన్న నియమం తిరుపతిలో ఊరంతటికీ వర్తించేది తాతయ్యగుంట గంగమ్మ జాతరలో. సాధారణంగా మే నెలలో జరిగే ఈ జాతరకు ముందు చాటింపు వేస్తారు. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అంటూ రోజుకో వేషం. బైరాగికి ఒళ్లంతా తెల్లటి పూత, బండ వేషానికి కుంకుమ, తోటికి బొగ్గు. ఆ తొలి రోజుల వేషాల్లో ఉన్నవాళ్లు దారిలో బూతులు తిట్టడం ఆనవాయితీ. మరో రోజైతే కొట్లాట జరిగేంత మాటలు ఆ రోజు తలవంచి విని పోతారు. చీర కట్టుకుని, పూలు పెట్టుకుని తిరిగే మగవాళ్లను ఎవరూ వెక్కిరించరు. ఏడాదంతా వెక్కిరింతకు గురయ్యేది ఆ వారం మొక్కు.

జాతర వెనక కథలో పాలెగాడు ఆడవాళ్లను చెరిచేవాడు. గంగమ్మకు భయపడి దాక్కున్న వాడి కోసం ఆమె రోజుకో వేషంలో వెతికింది. బూతులకూ బయటికి రాలేదు. దొర వేషంలో వచ్చేసరికి తనకంటే పెద్ద దొర వచ్చాడని బయటపడి చచ్చాడు. తిట్టు తగలని వాడు అధికారం వేషానికి పడిపోయాడు. అధికారాన్ని అనుకరించి అధికారాన్ని పట్టుకోవడం, సెటైర్ అనే దానికి ఈ ప్రాంతం దగ్గరున్న పాత నమూనా ఇదే అనుకోవచ్చు. కింద ఉన్నవాడు పైవాడి వేషం కట్టడం ఒకటి, పైవాడు కింది మనిషి నడకనో యాసనో కట్టి చూపడం ఇంకొకటి. తెలుగు మొదటిదాన్ని వేషం అంటుంది, రెండోదాన్ని వెక్కిరింపు అంటుంది. చిత్తూరు యాస పలికి నవ్వించే కామెడీ ఏ గదిలో పడుతుందో ఆ యాసలో ఇంట్లో మాట్లాడుకునేవాళ్లకు తెలుసు.

ఈ ప్రాంతపు పల్లెల్లో ధర్మరాజుల గుళ్ల దగ్గర జరిగే భారతం ఉత్సవాల్లోనూ ఇలాంటి సందు ఉంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, చివర్లో మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ. నాటకంలో హాస్యగాడు రాజు పక్కనే నిలబడి, అదే వారం ఊళ్లో జరిగిన సంగతి మీద విసురు విసురుతాడు. రాజుకు వినపడనట్టే ఉంటుంది, ఊరికి వినపడుతుంది.

చట్టంలో వాచీ కథ

వ్యంగ్యంగా అన్నాను, నేరుగా అనలేదు అన్న వాదన చట్టం ముందు నిలవదు. 1860 నాటి భారతీయ శిక్షాస్మృతిలో పరువు నష్టం 499వ సెక్షన్. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అది 356వ సెక్షన్ అయింది. ఆరోపణను వ్యంగ్యంగా చేసినా పరువు నష్టం కావచ్చని అందులో వివరణ ఉంది. దానికిచ్చిన ఉదాహరణ ఇది: ఒకడు మరొకడి గురించి, "ఆయన నిజాయతీపరుడు, వాచీ ఎప్పుడూ దొంగిలించలేదు" అంటాడు. దొంగిలించాడని వినేవాళ్లు అనుకోవాలనే అంటాడు. అది పరువు నష్టమే, మినహాయింపుల్లో పడితే తప్ప.

అలంకారశాస్త్రం చదివినవారికి ఇది అచ్చమైన వ్యాజస్తుతి. కావ్యంలో అలంకారం, కోర్టులో నేరం. అందుకు రెండేళ్ల వరకు సాధారణ జైలు, జరిమానా, లేదా సమాజసేవ శిక్షగా పడొచ్చు. ప్రభుత్వోద్యోగి విధి నిర్వహణ మీద సద్బుద్ధితో చెప్పిన అభిప్రాయం, ప్రజాప్రయోజనం కోసం చెప్పిన నిజం వంటివి మినహాయింపులు. అధికారి పనితీరు మీద వేసిన చెణుకుకూ, అతని ఇంటి మనుషుల మీద వేసిన దానికీ ఇక్కడే దారులు వేరవుతాయి.

ఆన్‌లైన్ పోస్టుల మీద ఒకప్పుడు తరచూ వాడిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. అందులోని "చికాకు", "అభ్యంతరకరం" వంటి మాటలకు హద్దు లేదన్నది ఒక ముఖ్య కారణం. మాటల హద్దు దొరక్క ఇబ్బందిపడేది పాఠకులొక్కరే కాదన్నమాట.

తెర మీద ఏం పోతోంది

ఎదురుగా మాట్లాడినప్పుడు గొంతు, కనుబొమ, వరస, చోటు అన్నీ అర్థాన్ని మోస్తాయి. పోస్టులో ఇవన్నీ రాలిపోతాయి. నవ్వే ఎమోజీ పెట్టినా అది వెటకారాన్ని పూరించదు, ఎదుటివాడిని చూసి నవ్వుతున్నట్టే ఉంటుంది. స్క్రీన్‌షాట్ తీసేసరికి ముందు వాక్యం, తర్వాత వాక్యం కూడా పోతాయి. జాతరకు చాటింపు, ముగింపు ఉన్నట్టు పోస్టుకు ఉండవు. ఐదేళ్ల తర్వాత కూడా ఎవరో పైకి తీయొచ్చు. పందిరి విప్పేశాక కూడా వియ్యపురాలి పాట మోగుతూనే ఉంటుంది.

దీని ప్రభావం రెండు వైపులా కనిపిస్తోంది. కొందరు తిట్టును తిట్టుగానే పెట్టి, గొడవైతే "సెటైర్ కదా" అని తప్పుకుంటున్నారు. నిజంగా వ్యంగ్యం రాసేవాళ్లు కింద "ఇది కేవలం వ్యంగ్యం" అని రాయాల్సి వస్తోంది. అలా రాసిన వ్యంగ్యం నవ్వు సగం అక్కడే పోతుంది. మాట అనువదించే, జల్లెడ పట్టే యంత్రాలకు వాచ్యం తొందరగా దొరుకుతుంది, వరస దొరకదు.

కొండ మీద మాడవీధుల దగ్గర నామం గిన్నె పట్టుకుని నిలబడేవాళ్లు ఉంటారు. కొత్తగా గుండు చేయించుకున్న మనిషిని ఆపి, నుదుట మూడు గీతలు దిద్ది, చేయి చాస్తారు. ఆ మనిషి కిందికొచ్చాక ఇంటికి మెసేజ్ పెడతాడు: "ఒకాయన నాకు నామం పెట్టి పది రూపాయలు తీసుకున్నాడు." తిరుపతిలో ఇది సమాచారం. విజయవాడలో చదివినవాళ్లు ఎవడు మోసం చేశాడని ఫోన్ చేస్తారు.